మూడు దినాల చీర

2023 జూలై తొమ్మిదో తారీకు, ఆదివారం. ఆ మధ్యాహ్నం జగన్నాథన్ తిరుత్తణి దగ్గరి ఆర్.కె.పేటలో, నేతపని చేసే గుణ ఇంట్లో, చాప మీద కూర్చుని తిన్నవి: మినపగారెలు రెండు, వద్దంటున్నా వేసిన మూడోది ఒకటి, మామిడికాయ పప్పు, అరటికాయ వేపుడు, మిరియాల చారు, సేమ్యా పాయసం. పాయసంలో జీడిపప్పు కూడా పడింది. ఎనిమిదేళ్ల కిందట భార్య శశికళ పోయాక ఆయన ఇంట్లో పాయసమన్నది కాగలేదు. అందుకని రెండో గ్లాసు కూడా తాగాడు. ఆ రెండో గ్లాసు గుర్తొస్తే ఇప్పటికీ ఆయన చెవులు వేడెక్కుతాయి.

భోజనానికని వెళ్లలేదు ఆయన. గడియారం పెట్టుకుని మగ్గం పక్కన కూర్చోవడానికి వెళ్లాడు.

ఆర్.కె.పేటలో పవర్‌లూములు తినగా మిగిలిన చేతిమగ్గాలు ఎనభై దాకా ఉన్నాయి. వ్యాపారులు నూలు ఇస్తారు, నేతవాళ్లు చీర నేసి ఇస్తారు, చీరకు ఎన్ని దినాల పని పడుతుందో అన్ని దినాల కూలి. చిక్కంతా ఆ దినాల దగ్గరే. నేతవాళ్లు నాలుగున్నర అంటారు, వ్యాపారులు మూడు చాలంటారు. రెండేళ్లు ఇదే తగవు. చివరికి ఇరుపక్షాలూ ఒక మాట మీదికి వచ్చాయి. జగన్నాథన్ సార్ ఒక రోజంతా మగ్గం దగ్గర కూర్చుని చూడాలి. ఆయన ఎంత చెబితే అంత.

ఆయననే ఎందుకు పిలిచారంటే, ఆయన తిరుత్తణిలో ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పాడు. వ్యాపారుల్లోనూ నేతవాళ్లలోనూ ఆయన దగ్గర చదివినవాళ్లు ఉన్నారు. మిగతా పాఠాలు మరిచిపోయినా ఒక్క పాఠం వాళ్లెవరూ మరవలేదు. రెండు వందల ఏళ్ల కిందట పుట్టిన ఒక జర్మనీ పెద్దాయన చెప్పిన సంగతి అది. వస్తువు విలువ అంటే దానిలో ఇమిడిన మనిషి శ్రమ. ఆ శ్రమకు కొలత కాలం. అయితే అది సోమరివాడి కాలమూ కాదు, చేయి తిరిగినవాడి కాలమూ కాదు. మామూలు పరిస్థితుల్లో, సగటు నేర్పుతో పనిచేస్తే పట్టే కాలం. అది చెప్పేటప్పుడు జగన్నాథన్ భుజం మీది తువ్వాలు తీసి పైకి పట్టుకుని, "దీంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పండి" అనేవాడు. పత్తి ఏరినవాళ్లు, నూలు వడికినవాళ్లు, రంగు వేసినవాళ్లు, నేసినవాళ్లు, లారీ తోలినవాళ్లు అంటూ పిల్లలు వేళ్లు మడిచేవాళ్లు.

ఏ ఇంట్లో చూడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గుణ లేచి, "మా ఇంట్లో సార్" అన్నాడు. బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా తండ్రి పోతే, పుస్తకాలు మూటగట్టి మగ్గం గుంటలోకి దిగినవాడు గుణ. ఇప్పుడు నలభై రెండేళ్లు. సార్ తన ఇంటికి వస్తున్నాడని వారం ముందు నుంచే అందరికీ చెప్పుకున్నాడు.

ఆ రోజు సరిగ్గా ఏడింటికి, కండెను మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె కదిలింది. కదిలింది మొదలు ఆగలేదు. పొద్దంతా పడుగులో ఒక్క పోగు తెగలేదు. కండెలో నూలు అయిపోతే గుణ ఎడమ చేయి అలా చాపేవాడు, పక్కనున్న గంపలోంచి ఇంకో కండె చేతిలోకి వచ్చేది. గంపలో యాభై కండెలు, ఒకదాని పక్కన ఒకటి, పూలు పేర్చినట్టు ఉన్నాయి. భోజనానికి తప్ప గుణ గుంటలోంచి లేవలేదు. మూడింటప్పుడు ఒకసారి నీళ్ల చెంబు ఎత్తితే చేయి వణికి చెంబు అంచు పళ్లకు టకటకా తగిలింది. జగన్నాథన్ ఆ చప్పుడు విన్నాడు. 'పాపం, బాగా కష్టపడుతున్నాడు' అనుకున్నాడు. అనుకుని, పుస్తకంలో టైము వేసుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి టేపు పెట్టి కొలిస్తే రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. చీర అయిదున్నర మీటర్లు. అంటే రెండున్నర దినాలు.

తర్వాతి ఆదివారం ఊరి సత్రంలో అందరి ముందూ ఆ సంగతి చదివాడు. తిరువళ్ళూరులో చీరల కొట్టున్న మురళీధరన్ వ్యాపారుల తరఫున వచ్చాడు. అతనూ ఒకప్పుడు ఆయన క్లాసులో కూర్చున్నవాడే. నవ్వు ఆపుకోలేక, "సార్, మేము గూడా ఇంత తక్కువ అడగలే. మాకే మనసుకు కష్టంగా ఉండాది. మూడు దినాలకే ఉండనీండి" అన్నాడు.

"ఎవరికైనా అభ్యంతరముందా?" అని జగన్నాథన్ నేతవాళ్లను అడిగాడు.

ఎనభై మంది మగవాళ్లు నేల చూశారు. గుణకు రెండున్నర దినాలు పట్టే చీర నాకు నాలుగున్నర పడుతుందని ఎవడు లేచి చెప్పుకుంటాడు? నేతలో వీధికంతటికీ పెద్ద చేయి శివరామయ్యది. అరవై ఎనిమిదేళ్లు. ఆయన కూడా మెడ గోక్కుని, "కండ్ల ముందర నేసినాడు గదా, ఇంక చెప్పేదేముండాది" అని ఊరుకున్నాడు. కాగితం మీద జగన్నాథన్ సంతకం పెట్టాడు. ఎవరో శాలువ కప్పారు. కప్పించుకున్నాడు.

మగ్గం చూసిన రోజు గుణ భార్య దేవకి మిగిలిన పాయసం స్టీలు డబ్బాలో పోసి ఇచ్చింది. ఆ డబ్బా తిరుత్తణిలో జగన్నాథన్ వంటింట్లో ఏడు వారాలు అట్లే ఉంది. శశికళ ఉంటే ఎవరి గిన్నెనూ అన్ని రోజులు ఉంచేది కాదు, ఉత్తగిన్నె పంపేదీ కాదు. ఆగస్టు ఇరవై నాలుగున, గురువారం, ఆయన ఆ డబ్బాలో వేరుశనగ ఉండలు నింపి బస్సెక్కాడు. డబ్బా ఇచ్చి రావడానికి ఫోను ఎందుకని చేయలేదు.

పదకొండింటికి వీధి మలుపు తిరిగితే గుణ ఇంట్లోంచి మగ్గం చప్పుడు లేదు. దేవకి వసారాలో రాట్నం ముందు కూర్చుని కండె చుడుతోంది. చూపుడువేలికి గుడ్డపీలిక కట్టుకుంది.

"అయ్యో, ఒక మాట ఫోన్లో చెప్పకూడదా అయ్యా! ఇల్లంతా ఎట్లుండాదో చూడండి" అంటూ లేచి, ఆ వేలు కొంగులో దాచుకుంది.

లోపల గుణ మగ్గం గుంటలో ఉన్నాడు, చేతులు ఖాళీగా. కండె కోసం చూస్తున్నాడు. సార్‌ను చూడగానే లేవబోతే జగన్నాథన్ వద్దని చెయ్యి ఊపి, అక్కడున్న పీట మీద కూర్చున్నాడు. దేవకి రెండు కండెలు తెచ్చి ఇచ్చింది. పొయ్యి మీద అన్నం పొంగితే పరుగెత్తింది. నాడె కొంచెంసేపు ఆడింది, పోగు తెగింది. గుణ వంగి, తెగిన కొస వెతికి, ముడి వేసి, మళ్లీ మొదలుపెట్టాడు. కండె అయిపోయింది. దేవకి చారు తాలింపు వేసి వచ్చేదాకా మగ్గం నిలబడింది. జగన్నాథన్ గడియారం చూడలేదు, చూడనక్కర లేకపోయింది. గంటసేపట్లో ఆరు పోగులు తెగాయి. మగ్గం ఆడిన సేపు, నిలబడిన సేపు ఇంచుమించు సమానం.

"ఆ దినం కండెలు ఎవరు చుట్టినారమ్మా?" అని అడిగాడు.

"మేమే అయ్యా. శుక్రవారం నుంచి చుట్టినాము. నేను, మా పాప యశస్విని, పక్కింటి అలిమేలక్క. తొమ్మిది ఇండ్లోళ్లు తలా మూడు నాలుగు ఇచ్చినారు. శివరామయ్య మామ ముందు దినమే వచ్చి పడుగంతా తడిమి, నాసి పోగులన్నీ తీసి కొత్తవి కట్టిపోయినాడు."

"ఎందుకమ్మా అట్ల చేసినారు?"

"ఇదేంది అయ్యా! పిల్లను చూసేదానికి మనుషులొస్తే చినిగిన చీరతో నిలబెడతామా? మీరొచ్చి కూర్చుంటే మగ్గం మధ్యలో నిలబడొచ్చా?"

"దేవకీ, సుమ్మా ఉండు" అని గుంటలోంచి ఊరుకోబెట్టబోయాడు గుణ.

"ఏమి సుమ్మా ఉండేది మామా? ఆ రాత్రి నుంచి రెండు దినాలు భుజం ఎత్తలేకపోతివి, నేనే అన్నం కలిపి పెట్టినాను. ఇప్పుడు మూడు దినాల కూలికి నాలుగున్నర దినాల పని. నాలుగింటికే లైటు వేస్తా ఉండాము. పాప కాలేజీ బస్సు ఎక్కే ముందర ఇరవై కండెలు చుట్టి పోతా ఉంది." కోపంగా చెప్పలేదు ఆమె. వానలు లేవు అన్నట్టు చెప్పింది. చెప్పి, డబ్బా మూత తీసి చూసి, "వేరుశనగ ఉండలా! పాపకు ఇష్టం" అని నవ్వింది.

ఆ నవ్వుకు జగన్నాథన్ తల ఎత్తలేకపోయాడు. మామూలు పరిస్థితుల్లో అని ముప్పై ఒక్క ఏళ్లు నల్లబల్ల మీద గీత గీసి మరీ చెప్పినవాడు, పెళ్లివారిలాగ ముందే తారీకు చెప్పి వచ్చి కూర్చున్నాడు. గంప చూశాడు. అందంగా ఉందనుకున్నాడు. ఆ కండెలు చెట్టుకు కాసినట్టు చూశాడే తప్ప ఎవరు చుట్టారని అడగలేదు. ఎనిమిది చీరలకు ఒక పడుగు. అది అయిపోతే కొత్త పడుగు పోగు పోగూ అతకడానికి ఒకటిన్నర దినం పడుతుంది. అదీ లెక్కలోకి తీసుకోలేదు. తెలియనివాడైతే వేరు. ఆయన తండ్రి నేతవాడు. కండెలు చుట్టే తల్లి బొటనవేలి పక్కన నూలు ఒరిసి ఒరిసి పడిన గాడిలో అగ్గిపుల్ల ఇమిడేది. క్లాసులో తువ్వాలు ఎత్తి పట్టుకున్న ఒక్కసారి కూడా ఆమె పేరు ఆయనకు తట్టలేదు, పిల్లలకూ తట్టలేదు.

మరునాడే రైలెక్కి తిరువళ్ళూరు వెళ్లాడు. మురళీధరన్ కొట్లో మనుషులు ఉంటే, వాళ్లు వెళ్లేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాడు. మురళీధరన్ చూసి, పనివాడిని పంపకుండా తానే కాఫీ తెచ్చి ఇచ్చాడు.

"నేను తప్పు కొలిచినాను మురళీ" అన్నాడు జగన్నాథన్. జరిగిందంతా చెప్పాడు.

మురళీధరన్ చీరల మడతలు సర్దాడు. "సార్, నేను చెడ్డవాణ్ని కాదు, మీకు తెలుసు. పవర్‌లూము చీర నా చీర పక్కన సగం ధరకు కూర్చుని ఉంది. అయినా మీ పేరు చూసి ఒప్పుకున్నాము. మీరు పెట్టిన సంతకాన్ని నా కొట్లో కూర్చుని కొట్టేస్తే మిగతా వ్యాపారులు నన్ను తంతారు. మీటింగులో చెప్పండి. మీరు చెప్పేది చాలదు, ఆ గుణ గూడా లేచి అవునని చెప్పల్ల. చెప్తాడా వాడు?"

చెప్పడని ఇద్దరికీ తెలుసు.

సెప్టెంబరు మూడున సాయంత్రం మీటింగు. జగన్నాథన్ రెండు గంటలు ముందే గుణ ఇంటికి వెళ్లాడు. సంగతి విని గుణ మొహం నల్లబడింది.

"అంటే ఇప్పుడు గుణ నేయలే, వీధంతా కలిసి నేసింది అని చెప్తారా సార్? నా మగ్గం మింద నేనే నేసినాను. నాడె ఇంకొకడు తోయలే."

"నువ్వే నేసినావురా. నాకే చూడడం చేతకాలే. నేను అదే చెప్తాను, నీ పేరు ఎత్తను."

"పేరు ఎత్తకపోతే తెలీదా? మగ్గం ఎవరిదో ఊరంతా తెలుసు" అన్నాడు గుణ. "నేను డిగ్రీ పూర్తి చేయలేదని అప్పుడు మీకు ఒక కష్టముండె. ఈ పని అయినా బాగా చేస్తానని మీరు చూడల్లనుకున్నాను. అంతే." చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు.

జగన్నాథన్ ఆ గదిలో ఒంటరిగా మిగిలాడు. గుణ కోరింది ఒక మెచ్చుకోలు. దాన్ని తీసుకెళ్లి ఎనభై ఇళ్ల మీద కూలి కోతగా వేసింది తాను.

సత్రంలో మగవాళ్లు నేల మీద, వ్యాపారులు కుర్చీల్లో, ఆడవాళ్లు వాకిట్లో నిలబడి ఉన్నారు. మాట్లాడడానికి లేచి జగన్నాథన్ నీళ్లడిగాడు. గడప దగ్గర నుంచి ఎవరో ఒకామె గ్లాసుతో నీళ్లు అందించింది. ఎవరో చూడలేదు, తాగాడు.

"ఆ దినం నేను ఏడింటికి గడియారం చూసినాను. పని శుక్రవారమే మొదలైంది. నేను రెండు దినాలు ఆలస్యంగా వచ్చినాను. తొమ్మిది ఇండ్ల ఆడవాళ్ల పని గంపలో ఉండింది. నేను దాన్ని చూసి గూడా లెక్కలోకి తీసుకోలే. చదువు చెప్పినవాడికి ఇది సిగ్గుచేటు. తప్పు గుణది కాదు, మీదీ కాదు."

"సార్ పరీక్ష పెట్టి, ప్రశ్నలన్నీ వారం ముందే ఇంటికి పంపినట్టయింది గదా" అన్నాడు శివరామయ్య. కొందరు నవ్వారు. జగన్నాథన్ తల ఊపాడు.

కుర్చీల్లోంచి ఒక వ్యాపారి, "ఇప్పుడు ఇట్ల చెప్తే, రేపు ఇంకొకటి చెప్తారు" అన్నాడు. మురళీధరన్ అతన్ని ఆపి, వెనక గోడకు ఆనుకుని ఉన్నవాడి వైపు చూశాడు.

"గుణా, నువ్వు చెప్పు. మామూలు దినాన ఎంత నేస్తావు?"

వద్దురా, నేను చెప్పింది చాలు అందామని జగన్నాథన్‌కు నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే ఎనభై ఇళ్లు మళ్లీ నాలుగింటికి లైటు వేసుకోవాలి. అలా ఆగిపోవడం కూడా తాను గుణ నెత్తిన పెట్టిన బరువేనని తెలుస్తూనే ఉంది.

గుణ అందరినీ చూసి, చివరికి గోడను చూసి, "ఒకటింబావు మీటరు" అన్నాడు. "అదీ మంచి దినమైతే."

ముందు వరసలో ఒకడు తల ఎత్తి, "నాది ఒక మీటరే" అన్నాడు. వెనక నుంచి, "నాకు అంత గూడా పడదు." ఇంకొకడు, "మా ఇంటామెకు ఒళ్లు బాగలేని దినం మగ్గమే ఆడదు." శివరామయ్య కండువాతో మొహం తుడుచుకుని, "నాకు చీరకు ఆరు దినాలు పడతా ఉంది రా. కండ్లు కనపడలే. ఎన్ని దినాలని దాచేది?" అన్నాడు. వీధిలో పెద్ద చేయి ఆయనది. ఆ మాటకు ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాలుగు దినాలకు కుదిరింది, మరుసటి దినం నుంచి. అయిపోయిన ఏడు వారాల చీరల సంగతి మాట్లాడవద్దన్నారు వ్యాపారులు. అవి అమ్ముడైపోయాయి కూడా. వాకిట్లోంచి గుణ పక్కింటి అలిమేలమ్మ గొంతు పెంచి, "మరి కండెలకెంత అయ్యా?" అంది. మగవాళ్లంతా నవ్వేశారు, కూర్చున్నవాళ్లూ నిలబడ్డవాళ్లూ. "అది ఇంకో మీటింగులో చూద్దాం అక్కా" అన్నాడు మురళీధరన్. జగన్నాథన్ కాగితం అడుగున ఆ ప్రశ్న రాసి, వచ్చే మీటింగులో మొదట ఇదే అని కింద గీత గీశాడు. గీసిన గీత చూసి ఆయనకే నమ్మకం చాలలేదు.

సత్రం మెట్లు దిగేసరికి వాన పట్టుకుంది. తిరుత్తణి బస్సు రాలేదు. గొడుగు పట్టుకుని దేవకి వచ్చి, "ఈ వానలో యాడికి పోతారు అయ్యా, ఇంటికి రండి" అంది. గుణ అప్పటికే ముందు నడిచి వెళ్లిపోయాడు. దారిలో అరుగు మీది నుంచి ఎవడో కుర్రాడు, "ఒకటింబావు గుణన్నా, మంచి దినమా?" అని అరవడం ఇద్దరికీ వినబడింది. దేవకి గొడుగును ఆయన వైపుకు ఇంకొంచెం వంచింది. తన భుజం తడుస్తున్నా పట్టించుకోలేదు.

ఇంట్లో ఉప్మా, చట్నీ. గుణ ఎదురుగా కూర్చుని, తల వంచుకుని తిన్నాడు. యశస్విని జగన్నాథన్‌కు సెల్‌లో బస్సుల టైము వెతికిపెట్టింది. ఎనిమిదిన్నరకు ముందు గదిలో నులకమంచం వాల్చి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచారు.

"గుణా," అన్నాడు జగన్నాథన్, మంచం అంచున కూర్చుని. "ఆ దినం నువ్వు నేసింది చాలా బాగుండింది. అది చెప్పనే లేదు నేను."

గుణ దిండు సర్దుతున్నవాడు తల ఎత్తాడు. కుదుటపడిన మొహమూ కాదు, కోపం తీరిన మొహమూ కాదు. "తెల్లారి ఆరింటికి బస్సుండాది సార్. నేను లేపతా" అన్నాడు. ఫ్యాను ఒక మెట్టు తగ్గించాడు. సార్‌కు జలుబు తొందరగా పడుతుందని క్లాసులో ఎప్పుడో గమనించి ఉంటాడు.

జగన్నాథన్ పడుకుని కళ్లు మూసుకున్నాడు, నిద్ర వచ్చి కాదు. గుణ లైటు తీసి బయటికి నడిచాడు. వానకు ఉబ్బిన తలుపు నేలకు రాసుకుని చప్పుడవుతుందని, దాన్ని రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేశాడు.